పులసకు అడ్డుకట్ట.. ధవళేశ్వరం దాటడం ఎందుకంత కష్టం?

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నంతసేపు ఇది మామూలు విలస. వానాకాలం ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టేందుకు నదిలోకి ఎదురీదుతుంది. ఆ రుచి అప్పుడే వస్తుంది. కానీ ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం. 1852లో కాటన్ కట్టించిన పాత ఆనకట్ట బదులు వచ్చిందే ఇది. వరదకు గేట్లు ఎత్తినా ఆ వడిని దాటడం చేపకు ఈజీ కాదు.

గంగలోనూ ఇదే కథ. ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఈ చేప, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన దాదాపు కనిపించకుండా పోయింది.

తప్పంతా బ్యారేజీదే అనలేం. గుడ్లతో పైకొచ్చే చేపల్నే మనం వలేసి పట్టేస్తున్నాం. అందుకే ఒక్క పులస దొరికినా రేవులో వేలం పాటే. అన్నట్టు, మార్కెట్లో పులస పేరుతో సముద్రపు విలస కూడా అమ్మేస్తుంటారు, చూసి కొనండి.