చెవిలో ఎముక, తలకు రబ్బరు

ఫ్రాన్స్‌లో లా షాపెల్ ఓ సాఁ అనే పల్లె దగ్గర 1908లో ఒక నియాండర్తల్ అస్థిపంజరం దొరికింది. పళ్ళూడి, కీళ్ళరిగిపోయిన మనిషి. శాస్త్రజ్ఞులు ముద్దుగా ‘ముసలాయన’ అంటారు. ఈ ముసలాయన చెవి రంధ్రంలో ఎముక బుడిపెలు కట్టి ఉంది. చల్లటి సముద్రాల్లో ఏళ్ళ తరబడి మునిగేవాళ్ళకూ, సర్ఫింగ్ చేసేవాళ్ళకూ ఇప్పుడు చెవిలో వచ్చేవి కూడా ఇవే. చన్నీళ్ళు, చలిగాలి పదేపదే తగిలితే కర్ణనాళంలో ఎముక లోపలికి పెరిగి దారి మూసేస్తుంది. 2019లో మానవశాస్త్రవేత్త ఎరిక్ ట్రింకాస్ బృందం 23 మంది నియాండర్తల్‌ల చెవులు పరీక్షిస్తే దాదాపు సగం మందిలో ఈ బుడిపెలు కనిపించాయి. చన్నీళ్ళొక్కటే కారణమని వాళ్ళూ అనలేదు, వంశపారంపర్యం కూడా ఉండొచ్చు. ఉంటే ఉండనీ. స్కూబా డైవర్లు తలకు తొడుక్కునే రబ్బరు హుడ్ కథ ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలని నన్నడిగితే, హుడ్ లేని ఈ చెవి దగ్గర్నుంచే అంటాను.

ఉత్తర చిలీ తీరంలోని చించోరో మమ్మీలది కూడా ఇదే కథ. ఈజిప్టు మమ్మీల కన్నా పాతవి. అక్కడ మగవాళ్ళ చెవుల్లోనే ఎక్కువగా ఈ బుడిపెలున్నాయి. ఆ చల్లటి సముద్రంలో మునిగి గవ్వలూ నత్తలూ పట్టుకొచ్చింది ఎవరో ఎముకే సాక్ష్యం చెప్పేసింది.

ఇక వేల ఏళ్ళు ఒక్క గంతులో దాటేస్తాను. 1830ల చివర్లో లండన్‌లో అగస్టస్ సీబే ఇత్తడి, రాగి శిరస్త్రాణంతో మూసిన డైవింగ్ దుస్తులు తయారుచేశాక చలి సంగతి ఉన్ని చూసుకుంది. లోపల ఉన్ని బనీన్లు, ఉన్ని మేజోళ్ళు, నెత్తిన ఉన్ని టోపీ. ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు కూస్తో ఎప్పుడూ పెట్టుకున్న ఎర్ర టోపీ ఆ పాత డైవర్ల గుర్తే. పొడిగా ఉంటేనే వెచ్చదనం అన్నది అప్పటి సిద్ధాంతం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నావికులు తొడిగిన స్లేడెన్ సూటూ ఆ బాపతే. ముద్దగా ఒంటికి అతుక్కునే ఆ రబ్బరుకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘జిగట చావు’.

ఇక్కడ ఆగి కొరియా వెళ్ళాలి. జెజు ద్వీపంలో హెన్యోలని మునక మహిళలున్నారు. గాలి సిలిండరు లేకుండా, ఊపిరి బిగబట్టి దిగి అబలోనీలు, శంఖాలు, సముద్రపు నాచు ఏరుకొస్తారు. తేలడానికి అప్పట్లో ఎండిన సొరకాయ బుర్ర, దాని కింద వల సంచి. 1970ల దాకా ఒంటి మీద ఉన్నది నూలు బట్టే, తలకు ఓ గుడ్డ. నీళ్ళు 10 డిగ్రీలుండే చలికాలంలో కూడా అంతే. సియోల్‌లో సుక్ కి హాంగ్, అమెరికాలోని బఫెలోలో హెర్మన్ రాన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్తలు కలిసి 1960లలో ఈ ఆడవాళ్ళని కొలిచారు. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు పడేదాకా నీళ్ళలోనే ఉండేవాళ్ళు. ఆ పైన ఒడ్డుకు రావాల్సిందే. అసలు వింత ఇంకొకటుంది. చలికాలంలో వీళ్ళ శరీరం ఊరికే కూర్చున్నా ఖర్చుపెట్టే శక్తి సుమారు 30 శాతం పెరిగేది. అదే ఊళ్ళో మునకకు వెళ్ళని ఆడవాళ్ళలో ఈ మార్పు లేదు. అంత కొవ్వే ఉన్న మామూలు మనిషి వణికే నీళ్ళలో వీళ్ళు వణికేవాళ్ళు కాదు. మనుషుల్లో చలికి ఇంతగా అలవాటు పడ్డ ఒళ్ళు మరొకటి కనిపించడం అరుదు.

నీళ్ళలోంచి వచ్చాక నెగడు. రాళ్ళతో గుండ్రంగా గాలికి అడ్డుగోడ కట్టి మధ్యలో మంట వేసేవాళ్ళు. దాన్ని బుల్తొక్ అంటారు. చలి కాచుకోవడం, పిల్లలకు పాలివ్వడం, కొత్తగా వచ్చిన పిల్లలకు ఏ బండ కింద ఏముందో చెప్పడం, తగువులు తీర్చడం, అన్నీ ఆ మంట చుట్టూనే. అనుభవాన్ని బట్టి కూర్చునే చోటు.

1970లలో రబ్బరు సూటు వచ్చింది. దానికి హుడ్ కూడా ఉంది. నీళ్ళలో ఉండే సమయం నిమిషాల్లోంచి గంటల్లోకి మారి, రోజుకు నాలుగైదు గంటలైంది. సంపాదన పెరిగింది. కొన్నేళ్ళ తర్వాత పరిశోధకులు మళ్ళీ కొలిస్తే ఆ 30 శాతం మాయం. వణుకు కూడా అందరిలాగే వచ్చేస్తోంది. 1983లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తరతరాలుగా వస్తున్న సామర్థ్యమనుకున్నది కొన్నేళ్ళకే పోయింది. నెగళ్ళ స్థానంలో వేడినీళ్ళ స్నానాల గదులు కట్టారు. నాకు దిగులేస్తుంది. కానీ వాళ్ళ ఒంటిమీదున్న సూటు విప్పించి శాస్త్రం కోసం మళ్ళీ నూలు బట్టలో దిగమనే హక్కు మనకెవరికీ లేదు.

ఆ రబ్బరు ఎక్కడిది? నియోప్రీన్‌ను 1930లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కారోథర్స్ బృందం తయారుచేసింది. దాన్ని నీళ్ళలోకి దించిన ఆలోచన హ్యూ బ్రాడ్నర్‌ది. లాస్ అలమోస్‌లో అణుబాంబు ప్రాజెక్టులో పనిచేసి, తర్వాత బర్క్‌లీలో స్థిరపడిన భౌతిక శాస్త్రవేత్త. 1951లో ఆయన చెప్పిందిది: వెచ్చగా ఉండాలంటే పొడిగా ఉండక్కర్లేదు. వేడిని ఆపేది రబ్బరులో చిక్కుకున్న గాలి బుడగలు. పలచటి నీటి పొర ఒంటికీ సూటుకూ మధ్య ఉన్నా, అది కదలకుంటే నష్టం లేదు. నియోప్రీన్ వాడమని సలహా ఇచ్చింది ఇంజనీరు విల్లర్డ్ బాస్కమ్. అమెరికా నౌకాదళం మాత్రం, ఆ బుడగలు శత్రువు సోనార్‌లో కనబడిపోతాయేమోనని తటపటాయించింది. బ్రాడ్నర్ పేటెంటు తీసుకోలేదు. లాభం కాలిఫోర్నియా దుకాణదారుల పాలైంది.

బుడగలకు ఒక లోపముంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై అవి సగానికి కుదించుకుపోతాయి, 30 మీటర్లలో నాలుగో వంతు. లోతు పెరిగే కొద్దీ సూటు పలచనవుతుంది. అందుకే పొర మీద పొర: లోపల చేతుల్లేని వెస్టు, తలకు హుడ్. కదిలే నీళ్ళు మెడ దగ్గర చొరబడతాయి కాబట్టి ఆ రెండింటినీ కలిపి కుట్టిన హుడ్ వెస్టు వచ్చింది. చూడ్డానికి మన మంకీ క్యాప్‌కు మొండెం తగిలించినట్టుంటుంది.

తలలోంచే సగం వేడి పోతుందనే మాట అబద్ధం. తల వాటా శరీర విస్తీర్ణంలో పదో వంతు. కానీ మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ బృందం చేసిన ప్రయోగాల్లో, తల మొత్తం మునిగితే వేడి నష్టం పెరిగినదాని కన్నా లోపలి ఉష్ణోగ్రత చాలా ఎక్కువ వేగంతో పడిపోయింది. హుడ్ అవసరం మారలేదన్నమాట, కారణం మారింది. పైగా చల్లటి నీళ్ళు ఒక చెవిలోకే జొరబడితే తల గిర్రున తిరుగుతుంది. వియన్నాలో రాబర్ట్ బరానీ చెవులు కడిగించుకునే రోగులకు ఇలా అవుతోందని గమనించి కారణం కనిపెట్టాడు. 1914 నోబెల్ ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధ ఖైదీ.

మాంటెరే బే లాంటి చల్లటి సముద్రంలో దిగేవాళ్ళకు నేనైతే హుడ్ వెస్టే తీసుకోమంటాను. మెడ బిగువు మాత్రం చూసుకోవాలి. గొంతు పక్కన రక్తనాళాల మీద ఒత్తిడి పడితే కళ్ళు తిరుగుతాయి. హుడ్ మరీ అతుక్కుంటే చెవికీ రబ్బరుకూ మధ్య గాలి చిక్కి కర్ణభేరిని లాగేస్తుంది. దిగగానే హుడ్ అంచు కాస్త ఎత్తి చెవుల్లోకి నీళ్ళు రానివ్వాలి. నడినెత్తిన ఓ సన్నటి రంధ్రం ఉంటే ఉబ్బిన గాలి బయటికి పోతుంది. పొర పెరిగిన కొద్దీ తేలేస్తుంది కాబట్టి నడుముకు సీసం బరువు కూడా పెంచాలి. రెండో మునకకు ముందు ఫ్లాస్కులో తెచ్చుకున్న గోరువెచ్చటి నీళ్ళు మెడలోంచి పోసుకుంటే చాలు, ఆ తడి పొర మళ్ళీ వెచ్చబడుతుంది.