నల్లగొండ నీళ్ళు, పిల్లల మోకాళ్ళు

ప్రతి యేడు ఇటువంటి సంచికలో కోటల గురించి, నవాబుల గురించి ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. ఈసారి మేము పిల్లల ఎముకల చరిత్ర వ్రాయదలచినాము. ఎముకలకు చరిత్ర ఏమిటని నవ్వకండి. నల్లగొండ జిల్లాలో ఆ చరిత్ర చాలా ఇండ్లలో నడిచింది, కుంటుతూ నడిచింది.

మేము హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవారము. ఉద్యోగం వచ్చి నల్లగొండ జిల్లాకు చేరిన కొత్తలో, 2003లో, మునుగోడు వైపు నుండి వచ్చిన ఒక పిల్లవాడు మా ఆరో తరగతిలో ఉండేవాడు. పళ్ళ మీద గోధుమరంగు చారలు. "బొగ్గుతో అయినా తోముకోరా" అని క్లాసులో అందరి ముందు అన్నాము. డ్రిల్లులో వాని మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి ఒరుసుకునేవి, మడమలు మాత్రం దూరంగా ఉండేవి. "సీదా ఖడే రహో" అని బెత్తంతో మోకాలి మీద తట్టినాము కూడా. వాడు సీదాగానే నిలబడి ఉన్నాడు. వంకర వాని ఎముకలో ఉన్నది. సాయంత్రం మా బడి ముసలి అటెండరు దగ్గరకు వచ్చి, "సాబ్, వాడిని కొట్టకండి, అది నీళ్ళ జబ్బు" అన్నాడు. వాళ్ళమ్మ అప్పటికే మూడు చోట్ల తావీజులు కట్టించింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ వ్యాసానికి మూలం అదే.

నీళ్ళలోని ఫ్లోరైడు పళ్ళను పాడు చేస్తుందని లోకానికి తెలిసింది మన దగ్గర కాదు, అమెరికాలో. 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి మెకే అనే యువ దంతవైద్యుడు వచ్చి చూస్తే, అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పళ్ళన్నీ గోధుమరంగు. ఊరివాళ్ళు తిండిని, పాలను తప్పుపట్టేవారు. ఆయన మాత్రం నీళ్ళ మీదనే అనుమానం పెట్టుకుని ఏండ్ల తరబడి తిరిగినాడు. చివరకు 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్ష చేసి, నీళ్ళలో ఫ్లోరైడు ఉన్నదని తేల్చినాడు. ముప్ఫై యేండ్లు పట్టింది!

అది పళ్ళతో ఆగదనీ, ఎముకలను కూడా పట్టుకుంటుందనీ మన తెలుగు పల్లెల వల్లనే బాగా తెలిసివచ్చింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతపు రోగులను చూసి వ్రాసినారు. నల్లగొండ సంగతి వ్రాసినది ఏ.హెచ్. సిద్దీఖీ అనే హైదరాబాదు డాక్టరు. 1955 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అది అచ్చయింది. అదే నెలలో, అదే జిల్లాలో, నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినారు. ఒక చేత్తో ఆనకట్ట రాయి, ఇంకో చేత్తో జబ్బు కాగితం. రాయి లేచింది. కాగితాన్ని ఎందరు చదివినారో!

ఆనకట్ట నిండిన తరువాత కూడా మెట్ట ఊళ్ళవాళ్ళు బావులు, బోర్ల నీళ్ళే త్రాగినారు. నేల క్రింద గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఫ్లోరైడే నీళ్ళలో కరిగి వచ్చేది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారైన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇంకొక సంగతి బయటపెట్టినారు. ఫ్లోరైడు ఊళ్ళలో ముసలివాళ్ళ నడుములే కాదు, ఎదిగే పిల్లల మోకాళ్ళు కూడా లోపలికి వంగుతున్నవని. జొన్నలే తిండిగా ఉన్న పేద ఇండ్లలో ఇది కనబడింది. జొన్నల్లో కొన్ని లోహాల హెచ్చుతగ్గులు కూడా దీనికి తోడైనవని తరువాత వాదించినారు. సున్నం, అంటే కాల్షియం, తక్కువ తినే పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువ తగులుతుందనుట మాత్రం గట్టి మాట.

తల్లులు ఎట్లా గుర్తుపట్టాలి? రెండు నుండి అయిదేండ్ల పిల్లలకు మోకాళ్ళు కొంచెం లోపలికి ఉండడం మామూలే, ఏడేండ్లు వచ్చేసరికి సర్దుకుంటుంది. దానికి హడావుడి వద్దు. ఎనిమిదేండ్లు దాటినా సర్దుకోకపోతే, రోజురోజుకు పెరుగుతుంటే, ఒక్క కాలే వంగితే, నొప్పి ఉంటే, ఎముకల డాక్టరుకు చూపించవలసిందే. డి విటమిను తక్కువైనా ఇట్లాగే వంగుతుంది గనుక ఎక్స్‌రే, రక్తం, మూత్రం పరీక్షలు లేనిదే తేల్చలేరు. పళ్ళ చారలు ఇంకొక గుర్తు. మురికి తోమితే పోతుంది, ఈ చారలు పోవు, పైగా నోటికి రెండువైపులా ఒకే తీరుగా ఉంటవి. పెద్దవాళ్ళయితే గడ్డం ఛాతీకి ఆనించలేరు, వంగి కాలివేళ్ళు ముట్టుకోలేరు.

పేరుకున్న ఫ్లోరైడును ఎముక నుండి కడిగివేసే మందు లేదు. నీళ్ళు మార్చడమే మొదటి వైద్యం. పాలు, రాగులు, ఆకుకూరలు, గుడ్లు తరువాతివి. ఎముక ఇంకా ఎదుగుతున్న వయసులో అయితే చిన్న ప్లేటు బిగించి ఎదుగుదలను ఒకవైపు ఆపి, కాలు మెల్లగా నిటారుకు వచ్చేట్లు చేస్తారు. ఎదుగుదల ముగిసినాక ఎముక కోసి సరిచేయవలసి వస్తుంది. అందుకే ఆలస్యం చెడ్డది. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయి ఇంకా చిక్కబడుతుంది. మన ఇండ్లలో పసిపిల్లలకు కూడా చిక్కటి చాయ్ పోసే అలవాటున్నది, ఆకులోనూ ఫ్లోరైడే ఉన్నదని చెప్తే మా ఇంట్లోనే మామీద కోపగించుకున్నారు. చింతపండు సంగతి చెప్తే సంతోషిస్తారేమో. బడిపిల్లలకు రోజుకు 10 గ్రాములు తినిపించి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయిందని అదే పోషకాహార సంస్థవారు 2002లో వ్రాసినారు. అంతమాత్రాన ఖట్టీ దాల్ మందు కాదు సుమా!

నీళ్ళ వైద్యానికీ మన జిల్లా పేరే పెట్టినారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూరులోని నీరీ సంస్థవారు 1970లలో తయారుచేసినారు. దానితో ఊరంతటికీ నీరిచ్చే కేంద్రం 1980లో కదిరిలో పెట్టినారు. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడినారు. కానీ రోజూ కొలిచి, కలిపి, అడుగు బురద తీసి పారబోయాలి. ఆ ఓపిక ఏ ఇల్లాలికి ఉంటుంది? 2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు నల్లాల్లోకి వచ్చినవి. నల్లా రానిరోజు పాత బోరు దగ్గరకు బిందె పట్టుకుని పోయేవాళ్ళు ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. ఒకటిన్నర దాటితే త్రాగకూడదు.

ఆ పిల్లవానికి తరువాత హైదరాబాదులో ఆపరేషన్ అయింది, ఒక కాలు బాగా వచ్చింది, రెండోది కొంచెం మిగిలింది. ఇప్పుడు స్పేర్ పార్టుల దుకాణం నడుపుతున్నాడు. రెండేండ్ల క్రితం కూతురిని మా బడిలోనే చేర్పించడానికి తీసుకువచ్చినాడు. పేరు వ్రాసుకుంటూ, ఆ అమ్మాయిని ఒకసారి నవ్వమన్నాము. పళ్ళు తెల్లగా ఉన్నవి.