వారమునకొక బొమ్మ: గోదావరి సీమలో చిత్రలేఖన బోధ

బొమ్మ వేయుట పుట్టుకతో వచ్చు విద్య యని కొందరును, సాధనచే వచ్చు విద్య యని కొందరును అందురు. ఈ తగవును తీర్చుట మా పని గాదు. ఏమియు రాని బాలునిచేత తొలిసారి పెన్సిలు పట్టించి, వారమునకొక పాఠముగా బొమ్మ వేయుట నేర్పిన వారెవరు? ఏ పద్ధతిని నేర్పిరి? ఆ పద్ధతులలో నిలిచినదేది, నిలువనిదేది? ఈ చరిత్రను స్థూలముగా చెప్పి, అది అశ్వారావుపేట వంటి అడవియంచు ఊరి బడికి ఏ విధముగా పనికివచ్చునో శ్రోతలతో కలసి విచారింపదలచినాము.

అశ్వారావుపేట రెండు సీమల నడుమ గడప వంటిది. పడమట ఖమ్మము సీమ, తూర్పున గోదావరి సీమ. 1948 వరకు ఈ ఊరు నిజాము రాజ్యములోనిది. తూర్పుగా కొద్దిదూరము నడచినచో మద్రాసు రాజధాని మొదలగుచుండెను. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదైనది. ఇట్టి చోట నిలుచుండి చూచినచో చిత్రలేఖన బోధ చరిత్ర ఇరువైపుల నుండియు కనబడును.

మొదట మద్రాసు సంగతి. 1850లో అలెగ్జాండరు హంటరు అను వైద్యుడు మద్రాసునందు చిత్రకళా పాఠశాలను స్థాపించెను. 1857లో బొంబాయియందు జంషెట్జీ జీజీభాయి పేర మరియొకటి వెలసెను. చేతిపనులవారికి నైపుణ్యము గరపి పరిశ్రమలకు ఉపయోగపరచుట ఆనాటి పాలకుల ముఖ్యోద్దేశము. కనుక లండనులోని సౌత్ కెన్సింగ్టన్ నుండి వచ్చిన పద్ధతియే ఇచ్చటను అమలు జరిగెను. అచ్చువేసిన పలకను ఎదుట నుంచి, అందలి ఆకును, తీగెను, కలశమును చూచి వ్రాయవలెను. దీనికి ఫ్రీహాండు అని పేరు. పిమ్మట ఘనము, శంఖువు, స్తంభము మున్నగు కొయ్య నమూనాలను బల్లమీద నుంచి వ్రాయుట. దీనికి మోడల్ డ్రాయింగు అని పేరు. ఈ పేర్లు లోయరు, హయ్యరు పరీక్షల మూలమున పల్లెటూరి డ్రాయింగు మాస్టరు వరకు ప్రాకినవి. ఆ రెండు మెట్ల పరీక్షలు తెలుగు రాష్ట్రములు రెంటను నేటికిని నిలిచియున్నవి.

ఈ పద్ధతిని తీసివేయుటకు వీలులేదు. కొలబద్ద లేకుండ కాగితము నడుమ నిలువు గీత గీచి, ఎడమప్రక్క వంపునకు సరిగా కుడిప్రక్క వంపు దింపుటలో కంటికిని చేతికిని పొందిక కుదురును. కాని ఎంతకాలము పలకను చూచి వ్రాసినను బాలుడు తన ఇంటి ముందటి వేపచెట్టును చూడడు. ఎన్నడును చూడని పరదేశపు ఆకును ముమ్మారు దిద్దినవాడు, పెరటిలోని ఆకును ఒక్కమారైనను దిద్ది యుండడు. లోపమిదియే. మద్రాసు పాఠశాలకు అధ్యక్షుడుగా నుండి, తరువాత కలకత్తా పాఠశాలకు వెళ్లిన ఇ. బి. హావెలు ఈ లోపమును గుర్తించినవారిలో ముఖ్యుడు. ఈ దేశపు విద్యార్థికి ఈ దేశపు శిల్పమును, చిత్రమును ఎదుట నుంచవలెనని ఆయన వాదించెను.

తెలుగునాట ఆ మార్పు ఒక కళాపాఠశాలలో గాక, సాహిత్యము చెప్పు కళాశాలలో మొదలగుట విశేషము. 1909లో ఆస్వాల్డు కూల్డ్రే అను ఆంగ్లేయుడు రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడై వచ్చి, 1919 వరకు ఉండెను. ఆయన కవి, రచయిత, చిత్రకారుడు. చిత్రలేఖనము ఆ కళాశాలలో పాఠ్యాంశము గాదు. ఆయనకు అది నేర్పవలసిన విధియు లేదు. అయినను ఆసక్తిగల బాలురను వెంటనిడుకొని గోదావరి గట్టునకు పోవుచుండెడివారు. పడవలు, రేవులు, నీటికి వచ్చు స్త్రీలు, ఆవలి కొండలు, ఇవియే ఆయన పలకలు. చూడుడు, చూచినది వ్రాయుడు అనుటయే ఆయన పాఠము. అజంతా గుహలను గూడ శిష్యులకు చూపించిరి. ఆ శిష్యులలో దామెర్ల రామారావు, వరద వెంకటరత్నము, అడివి బాపిరాజు చిత్రకారులుగను, కవికొండల వెంకటరావు కవిగను, కథకుడుగను పేరు గాంచిరి.

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరమున జన్మించెను. గోడలమీదను, పుస్తకముల అంచులమీదను బొమ్మలు గీయు బాలుని చదువు పాడగుచున్నదని పెద్దలు చింతించుట ఏ యింటనైన నున్నదే. ఆ చేతిలోని శక్తిని కూల్డ్రే దొర కనిపెట్టి, ఆయన ప్రోత్సాహముచేతనే రామారావు 1916లో బొంబాయి జీజీభాయి పాఠశాలలో చేరెను. అచ్చట శరీర నిర్మాణము, వెలుగునీడలు, నూనెరంగులు అభ్యసించి తిరిగివచ్చినను, బొంబాయి పద్ధతిని అట్లే దింపలేదు. పాశ్చాత్య విద్యవలన గలిగిన నిర్దుష్టతను నిలుపుకొని, దానికి మన రేఖను, మన మనుష్యులను, మన నదిని చేర్చెను. బొంబాయి నేర్పినదానిని గోదావరికి వినియోగించెనని చెప్పవచ్చును.

ఆయన అంతటితో తృప్తిపడక రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి పిన్నలకు నేర్ప మొదలిడెను. భార్య సత్యవాణియు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టిరి. ఇంటి ఆడువారికి చిత్రలేఖనము ఒక విద్యగా చెప్పుట ఆనాడు సామాన్య విషయము గాదు. కాని 1925 ఫిబ్రవరి 6న, ఇరువది యెనిమిదేండ్లయినను నిండకమునుపే, మశూచి ఆయనను బలిగొనెను. గురువు పోయినచో బడి మూతపడుట లోకసహజము. బొమ్మలు చెల్లాచెదరై చెదలపాలగుటయు సహజమే. అట్లు జరుగలేదు. సహాధ్యాయియగు వరద వెంకటరత్నము 1963లో తాను మరణించువరకు ఆ బొమ్మలను, ఆ బోధను కాపాడుటకు పాటుపడిరి. రామారావు స్మారక చిత్రశాలలో నేడు మనము చూచు వర్ణచిత్రములును, లెక్కకు మిక్కిలియైన పెన్సిలు రచనలును ఆ శ్రద్ధకు ఫలము. అభ్యాసకుడు వర్ణచిత్రములకన్న ముందు ఆ పెన్సిలు రచనలను చూడవలెనని మా మనవి. పెద్ద బొమ్మ వెనుక ఎన్ని చిన్న బొమ్మలున్నవో అచ్చట తెలియును.

ఇదే కాలమున బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల మరియొక దారి త్రొక్కెను. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆ విద్యాలయమున 1920 దశకమునందు ప్రమోదకుమార చటోపాధ్యాయులు వంగదేశపు పద్ధతిని నేర్పిరి. రంగు వేసి ఆరిన కాగితమును నీట ముంచి, మరల పలుచని రంగు పూసి, మరల ముంచుట ఆ పద్ధతి. రంగు కాగితములోనికి ఇంకి, ఉదయపు మంచువలె మెత్తనగును. అడివి బాపిరాజు అచ్చట శిష్యుడై, తరువాత ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను.

నిజాము రాజ్యమున హైదరాబాదునందు 1940లో చిత్రకళా పాఠశాల వెలసెను. ఓరుగల్లు సీమలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు అచ్చట చదివి, శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యరికము చేసి, మరల హైదరాబాదున ఆచార్యుడయ్యెను. సిద్దిపేటలో కాపు రాజయ్య బడి డ్రాయింగు మాస్టరుగా నుండియే బోనములను, బతుకమ్మలను, పల్లె జనమును తన చిత్రములకెక్కించెను. పెద్ద నగరము లేకున్నను ఒక ఉపాధ్యాయుడు చాలునని రాజమహేంద్రవరము వలెనే సిద్దిపేటయు సాక్ష్యమిచ్చుచున్నది.

ఇక అశ్వారావుపేటకు వత్తము. అడవి ప్రాంతపు బాలునికి చిత్రకళ క్రొత్త అని తలచుట పొరపాటు. ఇంటి ముంగిట చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేయు బాలిక, చుక్కల కొలతతో రేఖను నడిపించుట ఏ మాస్టరును చెప్పకయే నేర్చినది. కోయల ఇలవేల్పు కొలుపులలో ముక్కోణపు గుడ్డలమీద కూర్చిన బొమ్మల పడిగెలు ఎత్తుదురు. వంశకథ పాడువాడు ఆ బొమ్మల క్రమముననే కథ నడపును. నాయకపోడువారు తేలిక కొయ్యతో దేవతల ముఖములు చెక్కి గాఢమైన రంగులు పూయుదురు. ఇట్టి యింటి బాలుని ఎదుట అచ్చుపలక నుంచి, ఇదియే చిత్రకళ యనినచో, వాని కన్ను వానికే పరాయిదగును.

కనుక వారమునకొక గంట దొరకినను చాలును, ఈ చరిత్ర నుండి ఒక క్రమమును కూర్చుకొనవచ్చును. మొదటి వారము ముగ్గు. చుక్కలు పెట్టి, దించిన పెన్సిలు ఎత్తకుండ వంపులు గీయుట. రేఖపై అదుపు కుదురును. రెండవ వారము నీళ్లకుండ. నడుమ గీత గీచి ఇరువైపుల వంపులు సరిచూచుట; అప్పుడు కుండమూతి గుండ్రముగా గాక కోలగా కనబడుననియు, కంటి మట్టమునకు ఎత్తినకొలది ఆ కోల సన్నగిల్లి తుదకు గీతయగుననియు బాలుడే కనుగొనును. మూడవ వారము అదే కుండను కిటికీ ప్రక్క నుంచి వెలుగునీడలు. నీడ వైపు అంచున నేలనుండి మరలిన సన్నని వెలుగును చూపినచో కుండ కాగితము నుండి పైకి లేచినట్లుండును. నాల్గవ వారము ఆకు. టేకాకు, తునికాకు, మోదుగాకు చేతికిచ్చి, ఈనెలు ఏ కోణమున చీలుచున్నవో చూచి వ్రాయించవలెను. అయిదవ వారము రంగు. ఎరుపు, పసుపు, నీలము, ఈ మూడే ఇచ్చి ఎన్ని ఆకుపచ్చలు పుట్టునో కలిపింపవలెను. ఆకుపచ్చలో రవ్వంత ఎరుపు చేరినచో ముదురాకు రంగు వచ్చును. నీటిరంగులలో తెలుపు వేరుగా కొననక్కరలేదు, కాగితమే తెలుపు. లేత రంగు ముందు, ముదురు రంగు వెనుక. ఆరవ వారము బడి బయట కూర్చుండుట. దగ్గరి చెట్టు ముదురుగను, దూరపు కొండ పలుచని నీలముగను కనబడుట కూల్డ్రే దొర శిష్యులు గోదావరి గట్టున నేర్చిన పాఠమే. ఏడవ వారము ఎవరింటి కథ వారు తమకు తోచినట్లు చిత్రించుట. పడిగెను ఎరిగిన బాలుడు ఆనాడు తరగతికి గురువగును.

చిత్రలేఖనపు గంటను గణితమునకో పరీక్షల పునశ్చరణకో ఇచ్చివేయుట మన బడులలో నేటికిని జరుగుచునే యున్నది. పరీక్షలు ముఖ్యమే. కాని పాఠ్యక్రమములో లేని ఒక సాయంకాలము నుండియే రామారావు వెలువడెనని మరువరాదు. గట్టుమీద కూర్చున్న బాలురందరును చిత్రకారులు గాలేదు, కానక్కరయు లేదు. చూచుట నేర్చినవాడు వైద్యుడైనను, రైతైనను, వడ్రంగియైనను ఆ చూపు వానికి ఉపకరించును. ఇంట పిల్లలున్న మా శ్రోతలు ఈ వారము వారికొక పెన్సిలును, ఒక కాగితమును ఇచ్చి, వంటింటిలోని చెంబును ఎదుట నుంచుదురు గాక. బొమ్మ బాగున్నదా యని అడుగుటకు ముందు, ఏమి చూచితివని అడుగుదురు గాక.