కరుగు లోహమునకు కాపు కాచిన వాయువులు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరునకును, మద్రాసు నక్షత్రశాలాధిపతియగు పోగ్సన్ మచిలీపట్టణమునకును వచ్చి, చంద్రుడు సూర్యబింబమును కప్పివేసిన ఆ కొద్ది నిమిషములలో సూర్యుని అంచున ఎగయు జ్వాలలను వర్ణపటదర్శినులతో పరీక్షించిరి. ఆ జ్వాలల వెలుగులో కానవచ్చిన పసుపుపచ్చని రేఖ సోడియమునకు చెందినదని తొలుత పెక్కండ్రు తలచినను, ఆ యేడే అక్టోబరు మాసమున ఇంగ్లండునందు నార్మన్ లాకియర్ గ్రహణముతో నిమిత్తము లేకయే దానిని చూచి, అది సోడియపు రేఖలకు ఎడముగా నున్నదని నిర్ణయించెను. ఆ రేఖకు కారణమైన హీలియమను మూలకపు చరిత్ర అట్లు ఆరంభమైనది. అది భూమిమీదను కలదని 1895లో విలియం రామ్సే క్లీవైటు అను ఖనిజమునుండి వెలికి దీసి నిరూపించెను. తెలుగుసీమలో గ్రహణపు చీకటివేళ కంటబడిన ఈ మూలకము ఒకనాటికి విమానముల లోహపు రేకులను అతుకుటకు సాధనమగునని ఆనాడు ఊహించుట ఎవరి తరము?

దీనికి జ్ఞాతియగు ఆర్గాన్ మనము పీల్చు గాలిలోనే, నూటికి ఒక పాలునకు కొంచెము తక్కువగా, యుగయుగములుగా దాగియున్నది. 1785లో హెన్రీ కావెండిష్ గాలిలోని నత్రజనిని విద్యుత్ స్ఫులింగములతో హరింపజేయగా, 120వ వంతునకు మించని చిన్న బుడగ యొకటి యే ఉపాయమునకును లొంగక మిగిలిపోయెను. శతాబ్దికి పైగా దానిని పట్టించుకొన్నవారు లేరు. గాలినుండి తీసిన నత్రజని రసాయన ద్రవ్యములనుండి తీసిన నత్రజనికంటె లీటరునకు కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే ఎక్కువ తూగుటను గమనించిన రేలీ ప్రభువు, ఆ స్వల్పభేదమును తూనికలోని దోషమని త్రోసివేయక, రామ్సేతో కలిసి శోధించి 1894లో ఆర్గానును కనుగొనెను. శాస్త్రచరిత్రలో ఇంతటి నిష్ఠకు సాటిరాగల ఉదాహరణములు మిక్కిలి తక్కువ.

కరిగిన లోహము గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని, తేమను ఆత్రముగా స్వీకరించి పెళుసుబారును, బొరియలు పడును. ఇనుమును కడ్డీతో అతుకునపుడు ఆ కడ్డీపైనున్న పూత కాలి పొగయు, చిట్టెమునై కాపాడును. అల్యూమినియమునకును మెగ్నీషియమునకును ఆ యుపాయము చాలదు. అల్యూమినియము 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగగా, దానిపై పొరగా నుండు ఆక్సైడు కరుగుటకు 2000 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలెను. మెగ్నీషియమా, ఏమరినచో భగ్గున మండును. ఆ ఆక్సైడు పొరను తొలగించుటకు వాడు లవణములు అతుకులో చిక్కుకొని పిదప లోహమునే తినివేయును. లోహముతో కలియని వాయువును కవచముగా కప్పవలెనన్న భావము కాఫిన్ అను ఆవిష్కర్త కాలమునాటికే, అనగా 1890 ప్రాంతమునకే, అమెరికాలో పొడసూపెను; 1920 తరువాతి దశకమున జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన హోబర్టు, డెవర్సు అనువారు హీలియమును, ఆర్గానును ప్రయోగించి చూచిరి. విధానము సరియైనదే; కాని వాయువుల వెల మిక్కిలి హెచ్చగుటచే అది కర్మశాలలకు చేరలేదు.

ఇచట భూగర్భము శాస్త్రమునకు తోడు వచ్చెను. 1903లో కాన్సాస్ రాష్ట్రమునందలి డెక్స్టర్ గ్రామమున వాయువు చిమ్ము బావి యొకటి పడగా, గ్రామస్థులు ఉత్సవము చేసి దానికి నిప్పంటింపబోయిరి. అది మండకపోగా నిప్పునే ఆర్పివేసెను. రెండేండ్లకు కేడీ, మెక్‌ఫార్లెండ్ అను ఆచార్యులు ఆ వాయువును పరీక్షించి, అందు నూటికి రెండు పాళ్లకు చేరువగా హీలియము కలదని తేల్చిరి. మొదటి ప్రపంచయుద్ధమున ఆకాశనౌకల నిమిత్తము అమెరికా ప్రభుత్వము దానిని సేకరింప మొదలిడెను. కావుననే 1941లో నార్త్రప్ విమాన కర్మాగారమున రసెల్ మెరిడిత్ మెగ్నీషియమును అతుకుటకు పూనుకొన్నపుడు, 3400 డిగ్రీలకు గాని కరుగని టంగ్‌స్టన్ కడ్డీ చుట్టును ప్రవహింపజేసిన వాయువు హీలియమే అయ్యెను. 1942లో పేటెంటు పొందిన ఆ పద్ధతియే నేటి టిగ్ (టంగ్‌స్టన్-జడవాయు) వెల్డింగునకు మూలము. గుణము చేతనే గాక, అమెరికాలో లభ్యమగుట చేతను హీలియము తొలి స్థానమును పొందినదని నా అభిప్రాయము.

ఆ స్థానము చిరకాలము నిలువలేదు. హీలియము గాలిలో ఏడవ వంతు మాత్రమే తూగును గనుక కరిగిన మడుగును వీడి పైకి లేచిపోవును. ఆర్గాన్ గాలికంటె బరువైనదగుటచే మడుగుపై పరుచుకొని నిలుచును, తక్కువ ప్రవాహముతోనే పని జరిపించును. ఆర్గాన్ పరమాణువునుండి ఎలక్ట్రానును వేరుచేయుటకు తక్కువ శక్తి చాలును గనుక కడ్డీకిని లోహమునకును నడుమ వెలుగు విద్యుత్ జ్వాల, అనగా ఆర్కు, సులభముగా పుట్టి నిలకడగా వెలుగును. ఏకాంతర విద్యుత్తును వాడినచో, అల్యూమినియముపై నుండు మొండి ఆక్సైడు పొర ఆర్గాన్ ఆర్కు క్రింద చక్కగా తొలగిపోవును. హీలియము ప్రత్యేకత వేడిమి: అంతే కరెంటునకు దాని ఆర్కు ఎక్కువ వోల్టేజీని కోరి, ఎక్కువ వేడిని లోతుగా దింపును. దళసరి రాగికిని, మందమగు అల్యూమినియమునకును అది నేటికిని అక్కరకు వచ్చును. ఆ రెండింటి మిశ్రమమును వాడుటయు కలదు.

ఆర్గాన్ విజయమునకు అసలు కారణము ఉక్కు. 1952లో ఆస్ట్రియాలోని లింజ్ నగరమున శుద్ధమైన ఆమ్లజనిని ఊది ఉక్కు చేయు పద్ధతి నెలకొన్న పిమ్మట, దేశదేశముల గాలిని ద్రవీకరించు పెద్ద యంత్రాగారములు వెలసెను. ద్రవవాయువునందు నత్రజని మైనస్ 196, ఆర్గాన్ మైనస్ 186, ఆమ్లజని మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగును గనుక, ఆమ్లజనిని తీయుచోట ఆర్గానును ఉపఫలముగా వేరుచేయుటకు వీలు కలిగెను. నేడు మన పట్టణములలోని కర్మశాలల బోర్డులపై “ఆర్గాన్ వెల్డింగ్” అని వ్రాసియుండుటకు ఇదియే పూర్వరంగము.

ఆర్గానునకు తోడుగా, లేదా బదులుగా, వేరు వాయువును వాడుట లోహమును బట్టి యుండును. స్టెయిన్‌లెస్ ఉక్కులో ఆస్టెనిటిక్ అను జాతికి ఆర్గానులో కొద్దిపాటి ఉదజనిని కలుపుట మేలు చేయును. అల్యూమినియమునకు అదియే బొరియలను, గట్టిపడు స్వభావము గల ఉక్కునకు పగుళ్లను తెచ్చును. కార్బన్ డయాక్సైడు చౌకయని టిగ్ టార్చికి పట్టించినచో టంగ్‌స్టన్ కడ్డీ కాలి పాడగును.

హీలియము భూగర్భమున యురేనియము, థోరియముల క్షయమువలన కోట్లాది సంవత్సరములకు గాని చేరదు; ఒకసారి విడిచినచో అంతరిక్షమునకు పోవును. మన దేశమున బక్రేశ్వర ఉష్ణకుండములలో అది కనబడినను, అవసరమునకు విదేశములే ఆధారము, ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రములకు అది లేక గడువదు. కావున కర్మశాలాధిపతులు ఆర్గానునే మొదట ఎన్నుకొని, దాని వేడిమి చాలని దళసరి రాగికిని అల్యూమినియమునకును మాత్రమే హీలియమును వాడవలెనని నా మనవి.