గర్భిణుల మానసిక ఆరోగ్యం - నెలలు నిండని కాన్పు

గర్భం దాల్చాక 37 వారాలు నిండకముందే జరిగే ప్రసవాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. 28 వారాల లోపు పుట్టిన శిశువులకు ప్రాణాపాయం అత్యధికం. నెలలు నిండని కాన్పు ముప్పును పెంచే కారణాల్లో తల్లి కుంగుబాటు, తీవ్ర ఆందోళన కూడా ఉన్నాయి.

కారణాలు: ఎడతెగని ఒత్తిడి వల్ల కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో మాయ నుంచి కార్టికోట్రోపిన్ రిలీజింగ్ హార్మోన్ ఎక్కువగా విడుదలై, నొప్పులు ముందే మొదలుకావచ్చని పరిశోధకుల భావన. నిద్రలేమి, తిండి సయించకపోవడం, పొగాకు, మద్యం, వైద్య పరీక్షలకు వెళ్లకపోవడం పరిస్థితిని ఇంకా దిగజారుస్తాయి.

ఆధారాలు: ఇంగ్లండ్‌లో 20 లక్షలకు పైగా గర్భాల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2023లో వెలువడింది. గర్భానికి ముందు మానసిక వైద్య సేవలు పొందిన స్త్రీలలో దాదాపు ప్రతి 10 మందిలో ఒకరికి, మిగతావారిలో ప్రతి 15 మందిలో ఒకరికి నెలలు నిండకుండానే కాన్పు అయింది. అంటే మానసిక సమస్య ఉన్నవారిలోనూ అత్యధికులకు నెలలు నిండాకే కాన్పవుతుంది.

గుర్తింపు: కుంగుబాటును పసిగట్టేందుకు 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 ప్రశ్నలుంటాయి. గడిచిన వారంలో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, దిగులుతో నిద్ర పట్టలేదా వంటివి అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు.

చికిత్స: కౌన్సెలింగ్, కుటుంబం ఆసరా, అవసరమైతే వైద్యులు ఎంచిన మందులు మేలు చేస్తాయి. వాడుతున్న మందులను సొంతంగా ఆపడం ప్రమాదకరం. భారతదేశంలో మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనూ సలహా పొందవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు దిగులు మామూలేనని కొట్టిపారేయకుండా, బీపీ చూసినంత శ్రద్ధగా మనసు సంగతీ అడగడం తల్లీబిడ్డలిద్దరికీ రక్ష.