ముసలమ్మ మంచం, ముగ్గురు దొంగలు

కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది. జోడేఘాట్‌లో కొమురం భీంను ఆశ్వయుజ పౌర్ణమి నాడు తలచుకుంటాం. దండారి ఆటలు దీపావళి అమావాస్య చుట్టూ తిరుగుతాయి. మన పండుగైనా సంతాపమైనా గోడమీది తేదీని కాదు, చంద్రుణ్ని చూసుకునే నడిచింది. చంద్రుడు లేని రాత్రి చుక్కలది. ఆ చుక్కలకు మన పెద్దలు పెట్టుకున్న పేర్లు ఎన్ని గుర్తున్నాయని ఈ సంచిక కోసం మాలో మేం అడుగుకున్నాం. మూడు నాలుగు దాటలేదు. సిగ్గుగానే ఒప్పుకుంటున్నాం.

బడి పుస్తకంలో సప్తర్షులంటే ఏడుగురు మునులు. గోండు పెద్దల లెక్క వేరు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం. మిగిలిన మూడు ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. నాగోబా జాతర రోజుల్లో రాత్రిపూట ఈశాన్యం వైపు చూడండి. ముందు మంచం పైకొస్తుంది, దాని వెనకే దొంగలు వరుసగా వస్తారు. ఈ కథ కట్టినవాళ్లు ఎన్ని రాత్రులు మేలుకుని చూశారో! మృగశిర దగ్గరి చుక్కల్లో వాళ్లకు కనిపించింది వేటగాడు కాదు, నాగలి. దున్నుకుని బతికినవాళ్లకు ఆకాశంలోనూ పనిముట్లే కనిపించాయి మరి.

ఇవి ముసలివాళ్ల కబుర్లని కొట్టిపారేసేవాళ్లకు ఒక మాట. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, గణేశ్ హల్కరేతో కలిసి మహారాష్ట్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలోని సుమారు 15 గోండు గ్రామాల్లో పెద్దలను అడిగి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. గోండుల ఆకాశం దేశంలో మిగతాచోట్ల వినిపించేదానికి చాలా భిన్నమైనదని తేల్చారు. మరుసటి ఏడు కొలాంల, బంజారాల చుక్కల మీదా ఒక వ్యాసం వచ్చింది. మంచి పనే. కానీ అవి ఉన్నది ఇంగ్లీషులో. మన తాతల మాట మన దగ్గరికి అలా తిరిగి రావడం మాకు కొంచెం కష్టంగానే ఉంది.

హైదరాబాద్ కథ కూడా వినాలి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో ఫిసల్‌బండలో టెలిస్కోపు పెట్టించాడు. ఆయన పోయాక అది నిజాం ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటకు మారింది. ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన నక్షత్రాల పట్టికలో ఒక భాగం ఇక్కడివాళ్లే పూర్తిచేశారు. తర్వాత నగరం వెలుగు పెరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం చీకటి వెతుక్కుంటూ జపాల్-రంగాపూర్ వెళ్లి 1968-69లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచే పరిశీలించారు. చివరికి నగరం వెలుగు అక్కడికీ వచ్చింది. చదువుకున్నవాళ్లు వెంటపడి వెతికిన ఆ చీకటి మన గూడేల్లో ఊరికే ఉండేది. దాన్నే మనం వెనకబాటుతనం అనుకున్నాం.

అలాగని కరెంటు వద్దనేంత తెలివితక్కువవాళ్లం కాదు. కిరోసిన్ బుడ్డి కింద చదివిన కళ్లు మావి. పాముకాటుకు చీకట్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లూ మన మధ్యే ఉన్నాయి. దీపం కావాలి, కాకపోతే నేల మీదికి కావాలి. మొన్న ఒక గూడెంలో ఒక తాతను మంచం చూపించమంటే నడిమధ్య స్తంభం మీది తెల్లటి దీపానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికాడు. దొరకలేదు. చేను గట్టు దాకా నడిచాక గానీ ఆయన వేలు పైకి లేవలేదు. దీపానికి పైన ఒక రేకు మూత బిగిస్తే ఆ నడక తప్పేది.

నాగపూర్ వైపు పెంచ్ పులుల అభయారణ్యం చుట్టూ ఊళ్లలో దీపాలను కిందికే వెలుగు పడేలా మార్చారు. 2024 జనవరిలో అది భారతదేశంలో మొదటి డార్క్ స్కై పార్క్ అయింది. అదీ గోండుల నేలే. లద్దాఖ్‌లోని హన్లేలో 2022లో 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశానికి కేటాయించారు. అక్కడ వచ్చినవాళ్లకు టెలిస్కోపులో చుక్కలు చూపించేది ఆ ఊళ్లవాళ్లే, అదే వాళ్లకు కొంత జీవనాధారం కూడా. మన కవ్వాల్ చుట్టూ అలాంటిదేమీ ఇంకా లేదు.

చూడాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. దీపాలు కనిపించని చేను చాలు. రాత్రిపూట అడవిలోకి మాత్రం వెళ్లొద్దు, ఇంట్లో చెప్పి నలుగురు కలిసి వెళ్లండి. ఫోను జేబులో పెట్టి అరగంట ఆగితే కళ్లు చీకటికి అలవాటుపడతాయి. టార్చికి ఎర్రగుడ్డ చుట్టుకోండి. ఒక పెద్దను వెంట తీసుకెళ్లి, ఆయన చెప్పిన పేరు ఆయన పలికినట్టే, గోండీ అయితే గోండీలో, కొలామీ అయితే కొలామీలో రాసుకోండి. ఊరి పేరు, చూసిన నెల కూడా రాయండి. వచ్చే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి. మేం అక్కడే ఉంటాం.