తరంగంబాడి రాజవీథి

శాసనమును జదువుటకు లిపిజ్ఞానము కావలెను. తాళపత్రమును జదువుటకు భాషాజ్ఞానము కావలెను. పురాతనమగు వీథిని జదువుటకు మాత్రము తీరికయు శ్రద్ధయు నున్నఁ జాలును. కప్పులు, అరుగులు, ద్వారబంధములు తమ్ముఁ గట్టించినవారి గొప్పతనమునే కాక వారి కొఱఁతలను గూడ వెల్లడించును. తరంగంబాడి రాజవీథిలో నడచిన నాఁడు మాకీ సంగతి చక్కఁగ బోధపడినది.

తమిళదేశమునఁ దూర్పుతీరమందున్న యీ చిన్నయూరు తెలుఁగువారికిఁ బరాయిది కాదు. తంజావూరి నేలిన తెలుఁగురాజు, స్వయముగఁ గవియునైన రఘునాథనాయకుఁడే 1620లో డెన్మార్కు వర్తకుల కిచ్చటఁ గోట కట్టుకొన ననుమతి నొసఁగెను. సముద్రమున కెదురుగా నున్న డాన్స్‌బోర్గు కోట యట్లు పుట్టినదే.

పడమట 1792 నాఁటి పురద్వారమును దాఁటి మేము వీథిలోఁ బ్రవేశించితిమి. వీథి యచ్చటనుండి తిన్నగా సముద్రముదెసకుఁ బోవును. ఇరువైపుల నున్న పెద్దయిండ్లకు ఐరోపారీతి స్తంభములు గలవు. వానిని జూచి యివి కేవలము పరదేశపు కట్టడము లనుకొనుట పొరపాటు. మన యెండకుఁ దాళలేక యా దొరలు వసారాలు దించిరి, గదుల నెత్తుచేసిరి, గోడలను దళసరిగాఁ బెట్టిరి. కప్పు మద్దరాసుమిద్దె, అనఁగా టేకుదూలములపై సన్నని యిటుకలను నిలువంచున ఐమూలగాఁ బేర్చి సున్నముతో బిగించినది. రూపము వారిది, పని మన తాపీవారిది. కాని గవర్నరుల పేళ్లు చరిత్రలో నిలిచినవి. తాపీవారి పేళ్లు నిలువలేదు.

ఈ వీథిలోనే రెండు క్రైస్తవదేవాలయములు గలవు. సీయోను దేవాలయము 1701లో డేనుల కొఱకు వెలసినది. నూతన యెరూషలేము దేవాలయము 1718లో తమిళక్రైస్తవుల కొఱకుఁ గట్టఁబడినది. రెండవదానిని గట్టించిన సీగెన్‌బాల్గు 1706లో వచ్చిన జర్మను బోధకుఁడు. ఆయన తమిళము నేర్చి, బాలికలకుఁ బాఠశాల నెలకొల్పి, క్రొత్త నిబంధనమును తమిళమున ముద్రింపించెను. క్షౌరవృత్తివాని వితంతువు ఋణవ్యవహారమున నామె పక్షమునఁ బదేపదే మాటలాడినందున కోటయధికారి యాయనను 1708లో నాలుగు నెలలు డాన్స్‌బోర్గులోనే చెఱఁబెట్టెను. ఇంతటి వాని దేవాలయమున సైతము కులమునుబట్టి వేఱువేఱు స్థలములు కూర్చుండుట కేర్పడెను. శిలువ యాకృతి గల యా కట్టడము లోపల నిలిచినప్పుడు మాకుఁ గలిగిన విచార మింతంత కాదు. గోడను మార్చినంతమాత్రమున మనస్సు మాఱదు. ఈ మాట పరమతమును నిందించుటకుఁ గాదు, మన యిండ్ల పంక్తిభేదములను మనము తలఁచుకొనుటకు.

1845లో డేనులు ఈ యూరిని శ్రీరాంపురముతోఁ గూడఁ బండ్రెండున్నర లక్షల రూపాయల కింగ్లీషు కంపెనీకి నమ్మిరి. కలెక్టరు కచ్చేరి 1860 వఱకే యిచ్చట నుండెను. రైలుబండి నాగపట్టణమునకుఁ బోఁగా వర్తకమును దానివెంటఁ బోయెను. ఆశ్చర్యమేమన, ఈ దారిద్ర్యమే వీథిని గాపాడినది! పడఁగొట్టి క్రొత్తగాఁ గట్టుటకు ధనము లేకపోయెను.

సముద్రమునకు మాత్రము దయ లేదు. 1306 నాఁటి మాసిలామణినాథుని యాలయమును అలలు చాలవఱకుఁ గబళించినవి. 2004 నాఁటి సునామీ యూరిని ముంచెత్తినది. పిదప జీర్ణోద్ధారణము జరిగినప్పుడు రాజవీథి భవనములతోఁబాటు కంసాలివీథిలోని పెంకుటిండ్లను గూడ బాగుచేసిరి. ఆ యిండ్ల యరుగులు, నడిమి ముంగిళ్లు మన మండువాలోగిళ్లకుఁ దోఁబుట్టువులు. దొర మేడకును కంసాలి యింటికిని సమానముగ శ్రద్ధ చూపిన యా పద్ధతియే సరియైన చరిత్రబుద్ధి యని మా యభిప్రాయము.

చదువరులారా, మన యూళ్లలో మండువాలోగిళ్లు ఏఁటేఁట నేలఁ గూలుచున్నవి. వానినన్నిటిని నిలుపుఁడని మేము కోరము. చీఁకటిగదులలో స్త్రీలను మ్రగ్గఁజేసిన యిండ్లును వానిలోఁ గలవు. కాని పడఁగొట్టుటకు ముందు కొలతలు వ్రాసికొనుఁడు, ఛాయాపటములు తీయింపుఁడు, కట్టిన తాపీవారి పేళ్లు ముసలివారి నడిగి తెలిసికొనుఁడు, ఆ గదులలో నెవరెట్లు బ్రతికిరో యింటి పెద్దమ్మలచేఁ జెప్పింపుఁడు. ఇల్లు పోయినను దాని సాక్ష్యము మిగులును. తరంగంబాడి తాపీవారికిఁ గలిగిన మఱుపు మన యూరివారికైనఁ గలుగకుండుఁగాక.